యూరియాతో మాగేసిన మేత తిన్న ఆవులు బెదిరి పరుగెడుతున్నాయి. ఎందుకు?

ప్రశ్న: పూతకు ముందే కోసి ఎండబెట్టిన జొన్న మేత 100 కిలోలకు 6 కిలోల యూరియా, 8 కిలోల మొలాసిస్ (చెరకు మడ్డి) కలిపి టార్పాలిన్ కింద నెల రోజులు మాగబెట్టాను. మేపిన కొద్ది రోజులకే రెండు ఆవులు ఉన్నట్టుండి బెదిరి, గుండ్రంగా పరుగెత్తి గోడను గుద్దుకుంటున్నాయి. కాసేపటికి మామూలుగా ఉంటున్నాయి. ఆ మేత ముట్టని పాలదూడ కూడా వణుకుతోంది.

జవాబు: ముందు ఆ మేత ఆపండి. దూడకు తల్లిపాలు మాన్పించి, ఈ మేత తినని ఆవు పాలు పట్టండి. మేత ముట్టని దూడకూ వణుకు రావడమే ఇక్కడ అసలు ఆధారం. యూరియా నుంచి వెలువడే అమ్మోనియా మేతలోని చక్కెరలతో వేడి మీద కలిస్తే 4-మిథైల్ ఇమిడజోల్ అనే విషపదార్థం తయారవుతుంది. ఇది పాలలోకి దిగుతుంది. తల్లి బాగానే కనిపిస్తున్నా దూడ పడిపోవచ్చు. ఆ పాలు ఇంట్లో కూడా వాడవద్దు.

మీ మేతలో దానికి కావలసినవన్నీ కుదిరాయి. లేత జొన్నలో చక్కెర ఎక్కువ, పైగా మొలాసిస్ పోశారు. 4 కిలోల యూరియా నుంచి దాదాపు 2.3 కిలోల అమ్మోనియా వస్తుంది. 6 కిలోలంటే 3.4 కిలోలు. 100 కిలోల మేతకు అమ్మోనియా 3 కిలోలు దాటకూడదు. టార్పాలిన్ కింద ఎండ వేడి దీనికి తోడైంది.

ఆరబెడితే సరిపోతుందనుకోవద్దు. ఆరబెడితే పోయేది ఘాటైన అమ్మోనియా వాసన మాత్రమే, ఈ విషం ఆవిరి కాదు. మామూలు గడ్డిలో కలిపి కొంచెం కొంచెంగా మేపడం కూడా జూదమే.

దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మేత మాన్పిస్తే చాలావరకు కొన్ని రోజుల్లో కోలుకుంటాయి. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా పరుగులో తగిలే దెబ్బల వల్లే. కాబట్టి గోడలు, ముళ్లకంచె లేని మెత్తటి నేల మీద, అలికిడి లేని చోట ఉంచండి. మూర్ఛలు వస్తుంటే మత్తుమందు పశువైద్యుడే ఇవ్వాలి. రేబిస్‌లోనూ ఇలాంటి బెదురు, చొంగ కనిపిస్తాయి. అది కాదని డాక్టరు తేల్చేదాకా నోట్లో చేయి పెట్టవద్దు.

యూరియా నేరుగా ఎక్కువైతే వచ్చే విషప్రభావం వేరు. అది తిన్న అరగంట నుంచి రెండు గంటల్లోపే మొదలవుతుంది. కడుపుబ్బరం, నురగ, కండరాల వణుకు, ఆయాసం ఉంటాయి. దానికి వెంటనే వెనిగర్, చల్లటి నీళ్లు తాగించాలి. మీ ఆవులకు ఉబ్బరం లేదంటే వెనిగర్‌తో పని లేదు.

ఇకమీదట యూరియా శుద్ధి ఎండిన వరిగడ్డి, గోధుమ గడ్డి లాంటి నాసిరకం మేతకే చేయండి. మంచి మేతకు దాని అవసరమే లేదు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ సమంగా చల్లి తొక్కాలి. గాలి చొరకుండా నీడలో 21 రోజులు కప్పి ఉంచాలి. మేపే ముందు రోజు కావలసినంత తీసి ఆరబెట్టుకోవాలి. ఆరు నెలల లోపు దూడలకు వేయవద్దు. మొలాసిస్ ఇవ్వాలనుకుంటే మేపేటప్పుడు పైన చల్లండి, మాగబెట్టేటప్పుడు మాత్రం కాదు.

మిగిలిన కుప్పను పశువులు చేరలేని ఎరువు గుంతలో వేసి మట్టి కప్పండి.