గద్వాల అంచుకు కత్తెర పెట్టే ముందు

పద్మారావునగర్,
ఫిబ్రవరి 2026

చి.ల.సౌ. బుజ్జికి మీ మేనత్త ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మామయ్యకు మోకాలినొప్పి కాస్త తగ్గుముఖం పట్టింది.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. ఉగాదికి మీ అపార్ట్‌మెంట్‌లో గుమ్మాలకు తోరణాలు, గోడలకు అలంకరణలు నువ్వే చేసిస్తానని ఒప్పుకున్నావట. రాలిన కాయలు, ఎండిన కొమ్మలు, పాతచీరల అంచులు, మూలన పడున్న ఇత్తడి గజ్జెలతోనే అన్నీ చేస్తావట. ప్లాస్టిక్ పూల జోలికే పోనన్నావట. నాకెంత సంతోషమేసిందో! మన ఇంట్లో చేతిపని మీ నానమ్మతోనే ఆగిపోయిందని లోలోపల బెంగపడుతూ ఉండేదాన్ని. ఆ సంతోషంలో ఉండగానే మీ అమ్మ, "నానమ్మ ట్రంకుపెట్టె పంపించమంటోంది వదినా, పంపనా?" అని అడిగింది. ఇక రాత్రంతా నిద్ర లేదు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే అత్తా, సరే" అంటావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

అన్నిటికంటే ముందు చంటిదాని సంగతి. అది ఇప్పుడిప్పుడే నడుస్తోంది, చేతికి దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. నువ్వు ఫోటో పంపిన డిజైన్‌లో ఎర్రగా, నల్లచుక్కతో గింజలు కనిపించాయి. గురిగింజలే కదా అవి? బుజ్జీ, వాటిని ఇంట్లోకి రానివ్వకు. ఒకప్పుడు కంసాలులు బంగారం తూచడానికి వాడినవే, చూడటానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ లోపలున్నది విషం. పెంకు గట్టిగా ఉన్నంతవరకూ మింగినా ఒక్కోసారి అరగకుండానే బయటికి పోతుంది. కొరికినా, దారం కోసం బెజ్జం పెట్టినా ఆ విషం బయటపడుతుంది. పిల్లల ప్రాణానికి ప్రమాదం. మీ గేటు పక్కన పచ్చగన్నేరు ఉంది, నేను చూశాను. దాని కాయలు ఎండాక గట్టిగా, గజ్జెకట్టులా బాగుంటాయని నీకు అనిపించవచ్చు. వాటి గింజలు గుండె మీద పనిచేస్తాయి. అవీ వద్దు. ఆముదం గింజలు వద్దు, ఉమ్మెత్త కాయలు వద్దు. ఎప్పుడైనా ఏ పిల్లైనా ఇలాంటిది నమిలిందని అనుమానం వస్తే వాంతి చేయించడానికి కూర్చోకండి. ఆ గింజను కూడా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి, 108కి ఫోన్ చెయ్యాలి. మీ ఆయనకు కూడా ఈ ముక్క చదివి వినిపించు.

విషం లేని చింతగింజలు, గవ్వలు, పూసలు కూడా గొంతుకు అడ్డంపడతాయి. అందుకని చంటిదాని చేతికి అందే ఎత్తులో ఏదీ కట్టకు. నీ పనంతా బల్ల మీదే సాగాలి, కింద చాప పరుచుకుని కాదు.

మామిడాకులు కట్టడం నీకు నేను చెప్పాలా? కడిగి, తుడిచి, పండగ తెల్లవారుజామున కట్టు.

ఇక ఏరుకొచ్చే వాటి మాట. ఈసారి ఉగాది మార్చి 19నే వచ్చేస్తోంది, కాబట్టి ఆరబెట్టడానికి నీకున్న సమయం తక్కువ. రోడ్డు మీద రాలినవే ఏరు, చెట్టెక్కి కోయించకు. కేబీఆర్ పార్కు నుంచి పుల్ల కూడా తేవద్దు. అది 1998 నుంచి జాతీయ ఉద్యానవనం, అక్కడినుంచి ఏదీ పట్టుకుపోకూడదు. అయినా ఊళ్లో చెట్లకు కొదవేముంది? తురాయి కాయలు నల్లగా, మూరెడు పొడవున కత్తుల్లా వేలాడుతుంటాయి. అవి బరువు, నిలువుగా ఒక్కటే వేలాడదీస్తే గోడకు అందం. దిరిసెన కాయలు పలచగా, గడ్డిరంగులో ఉంటాయి. గాలి వీస్తే గలగలమంటాయి, గుమ్మానికి వాటిని మించినవి లేవు. నిద్రగన్నేరు కాయలు మాత్రం వదిలెయ్. లోపల తీపి గుజ్జు ఉంటుంది, రెండోరోజుకల్లా చీమలు బారులు తీరతాయి. బూరుగు పూలు కిందపడి ఉంటే మనసాగదు కానీ దళసరి రేకులు కదా, తెల్లారేసరికి కుళ్లి వాసనొస్తాయి. బూరుగు దూది వాడితే దీపానికి దూరంగా ఉండాలి. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది.

గునుగుపూలు ఇప్పుడు దొరకవు. వచ్చే బతుకమ్మకు నాలుగు కట్టలు ఎక్కువ కొని, తలకిందులుగా నీడలో వేలాడదీసి పెట్టుకో. నెలల తరబడి అలాగే ఉంటాయి. తంగేడు అలా నిలవదు, రేకులు రాలిపోతాయి.

మోదుగ ఇప్పుడు విరగబూసి ఉంటుంది. వికారాబాద్ వైపు వెళ్తే రాలిన పూలు దోసిళ్లతో ఎత్తుకోవచ్చు. వాటిని ఎండబెట్టి గుచ్చకు, ఆ నిప్పులాంటి రంగు పోయి మాసిన గోధుమరంగులోకి తిరుగుతాయి. ఉడికించి రంగు తియ్యి. మా చిన్నప్పుడు కాముని పున్నానికి, అంటే హోలీకి, పెద్ద గుండిగలో మోదుగపూలు మరుగుతుంటే వాకిలంతా ఒకలాంటి పచ్చి వాసన వచ్చేది, మీ నాన్న ఆ నీళ్లలో చెయ్యి పెట్టి కాల్చుకున్నాడు కూడా. మామయ్య పాతపంచెలు రెండు నీకోసం తీసిపెట్టాను. గంజి పోయేదాకా ఉతికి, పటిక కలిపిన నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత మోదుగ నీళ్లలో ముంచి నీడలో ఆరెయ్యి. స్టీలు గిన్నెలో చెయ్యి, ఇనుప మూకుడు వద్దు, రంగు నల్లబారుతుంది. ఈ రంగు ఎండకు వెలిసిపోతుందని నీకు ఆర్డర్లు ఇచ్చినవాళ్లకు ముందే చెప్పు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ నానమ్మ ట్రంకుపెట్టె.

నీకు తెలియని కథ ఒకటుంది. అప్పట్లో మేం చిక్కడపల్లిలో ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. వాకిట్లో పెద్ద దిరిసెన చెట్టు ఉండేది. ఒక ఉగాదికి నానమ్మకు ఎవరూ చేయని తోరణం చేయాలని బుద్ధి పుట్టింది. ఆవిడ దగ్గర వాళ్ల అమ్మ, అంటే మా అమ్మమ్మ, పెళ్లినాటి గద్వాల చీర ఉంది. నేత చిలకపచ్చ, అంచు కుంకుమరంగు, అంచు నిండా జరీ రుద్రాక్షలు. నూలు నేత అక్కడక్కడా పలచబడింది కానీ పట్టు అంచు చెక్కుచెదరలేదు. గద్వాల చీరల పద్ధతే అంత, నూలు ఒంటికి పట్టు అంచును మగ్గం మీదే కలిపి నేస్తారు. ఒళ్లు చిరిగినా అంచు బతికుంటుంది. నానమ్మ ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం మేమంతా నిద్రపోతుంటే ఒకవైపు అంచంతా కోసేసి, జానెడు జానెడు ముక్కలు చేసి, పాత శుభలేఖల అట్టల మీద మైదా ఉడికించిన జిగురుతో అంటించింది. కింద దిరిసెన కాయలు గుత్తులుగా కట్టింది. అవి చెట్టు నుంచి ఆ వారమే రాలినవి.

ఎంత బాగుందో చెప్పలేను. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. జరీ మీద ఎండపడితే ఎదురింటి గోడ మీద మెరుపులు కదిలేవి. నానమ్మ ఆ రోజంతా గుమ్మం దగ్గరే నిలబడి వచ్చినవాళ్లందరికీ ఉగాది పచ్చడి పెట్టింది.

పండగయ్యాక దాన్ని జాగ్రత్త చేద్దామని పాలిథిన్ కవర్‌లో బిగించి కట్టి, మిగిలిన చీర మీద పెట్టి, చుట్టూ కలరా ఉండలు వేసి పెట్టె మూసింది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పట్టుచీర తీద్దామని పెట్టె తెరిస్తే గుప్పున బూజు వాసన. కాయ కాయకూ సూదిమొనంత బెజ్జాలు, కవర్ అడుగున పిండిలా పొడి. గింజల్లో ముందే ఉన్న పుచ్చుపురుగు అక్కడే పెరిగి బయటపడింది. అట్టల మీద మైదాకు ఆశపడి, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు చేరి, అంచును కూడా కొరికేశాయి. జరీ నల్లబడింది. కింద ఉన్న చీర మడతల్లోకి కూడా చెమ్మ దిగి, పచ్చని నేత మీద గోధుమరంగు మరకలు పడ్డాయి.

నానమ్మ ఏడవలేదు. ఆ చీరను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ తర్వాత దసరాకు అమ్మమ్మ మా ఇంటికి వచ్చి, "నా గద్వాల చీర కట్టుకోవేం?" అని అడిగితే, "ఉందిలే అమ్మా, దాచుకున్నాను" అంది. అమ్మమ్మ మళ్లీ అడగలేదు. ఆమెకు తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. మిగిలిన చీర నా దగ్గరే ఉంది, పెట్టెలో వెతకకు. నేనుండగా దానికి ఇంకో కత్తెర పడదు.

నిన్ను భయపెట్టడానికి కాదమ్మా ఇదంతా. నానమ్మ చేతిలో ఉన్న పనితనం నీ చేతిలో ఉంది, నీ పెళ్లిలో కొబ్బరిబొండం నువ్వే అలంకరించుకున్నప్పుడే నాకు తెలిసింది. ఆవిడకు చెప్పేవాళ్లు లేకపోయారు, నీకు నేనున్నాను. నేను చెప్పేది ఒకటే. నువ్వు ఏది చేసినా మళ్లీ విప్పుకోగలిగేలా చెయ్యి. చీరను కోయకు, మడువు. అంటించకు, కట్టు.

ఎలాగంటే, చీర మొత్తం పొడవునా మడతలు పెట్టి, నేతంతా లోపలికి పోయి అంచు ఒక్కటే బయటికి కనిపించేలా చేసుకో. సన్నని సూదితో వేలెడు దూరంలో వదులుగా కచ్చా టాకాలు వెయ్యి. దాన్ని గుమ్మం పైన కర్రకు వేలాడదీసి, రెండు పక్కలా కిందికి జార్చు. కాయలు, గజ్జెలు సుతిలికి, అంటే జనపనార దారానికి, గుచ్చి విడిగా దాని ముందు కట్టు. పండగ దాటాక టాకాలు లాగేస్తే చీర చీరలాగే ఉంటుంది. సుతిలి పట్టుకు ఆనకుండా మధ్యలో నూలుగుడ్డ పెట్టడం మరిచిపోకు. గ్లూ గన్ కొన్నావట, పడమటి గుమ్మాల దగ్గర దాన్ని నమ్ముకోకు. మన ఎండలకు ఆ జిగురు మెత్తబడి కాయలు ఒక్కొక్కటే ఊడిపడతాయి. లక్కగాజులు గుచ్చుతానన్నావుగా, అవి కూడా ఎండ తగలని లోపలి గోడకే. లాడ్‌బజార్ లక్కగాజులకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి పేరుతో ప్రత్యేక గుర్తింపు, వచ్చింది, అంత పేరున్న పనిని ఎండలో కరిగించడం నాకు మనసొప్పదు. విరిగిన గాజులు మాత్రం తోరణంలో వద్దు. శాస్త్రం అనుకో, చంటిదాని కాలు తెగుతుందనుకో, ఏదైనా సరే, వద్దు.

ఏ చీర కోయవచ్చో కూడా చెబుతాను. కిటికీకి అడ్డంగా పట్టి చూడు. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే అది పలచబడిందని. మడత దగ్గర రెండు వేళ్లతో మెల్లిగా లాగు. చిరుగుతున్న చప్పుడు వస్తే పట్టు చీకిపోయింది. అలాంటిదాన్నే కోయవచ్చు, అది కూడా మీ అమ్మను అడిగాక. ఎవరు కట్టుకున్న చీరో కనుక్కుని ఒక చీటీ మీద రాసిపెట్టు. "పాత జరీ చీరలు కొంటాం" అని వచ్చేవాళ్లకు ఒక్క ముక్క కూడా ఇవ్వకు. వెండి కోసం బట్టను కాల్చేస్తారు.

కాయల్ని డాబా మీద బట్ట పరిచి రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టు, రాత్రి లోపలికి తెచ్చెయ్. తర్వాత కవర్‌లో గాలి చొరకుండా కట్టి వారం పాటు ఫ్రీజర్‌లో ఉంచు, పురుగు చస్తుంది. తీసిన వెంటనే కవర్ విప్పకు, చల్లదనం పోయేదాకా ఆగు. లేకపోతే పైన చెమ్మ పట్టి నీ శ్రమంతా మొదటికొస్తుంది. పండగయ్యాక కాయలు వేరే డబ్బాలో, చీరలు ఉతికిన నూలుగుడ్డలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లు, కలరా ఉండలు, రబ్బరు బ్యాండ్లు జరీ దరిదాపులకు రానివ్వకు.

ఇంకొకటి. పక్కింటివాళ్ల గుమ్మాలకు మన పెట్టెలోని చీరలు వెళ్లడానికి వీల్లేదు. అమ్మకానికి చేసేవాటికి టైలర్ల దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు అడుగు, సంచుల కొద్దీ పడుంటాయి. ఇత్తడి గంటలు, పాత తాళాలు కావాలంటే గురువారం పొద్దున్నే జుమ్మెరాత్ బజార్‌కు వెళ్లాలి, ఒంటరిగా కాదు, మీ ఆయనను తీసుకెళ్లు. నీ కష్టానికి డబ్బు అడగడానికి మొహమాటపడకు. నానమ్మ జన్మంతా ఊరికే చేసిపెట్టింది, ఒక్కరూ దారం ఖర్చు కూడా ఇవ్వలేదు. నాకు అది ఇప్పటికీ కడుపులో రగులుతూనే ఉంటుంది.

పెట్టె నీకు పంపొద్దని, మా ఇంటికి పంపమని మీ అమ్మకు చెప్పాను. కోప్పడకు. ఆదివారం రా, ఇద్దరం కలిసి ఒక్కో చీరా కిటికీ దగ్గర పట్టి చూద్దాం. చంటిదాన్ని మామయ్య ఆడిస్తారు. నీకు పప్పుచారు, వంకాయ వేపుడు చేసిపెడతాను. ఇప్పటికే కాయలు ఏరి సంచిలో కట్టిపెట్టి ఉంటే మాత్రం ఆదివారం దాకా ఆగకు, ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే డాబా మీద పరిచెయ్.

ఆశీస్సులతో,
మీ అత్త