కారు అలారం, రిమోట్ స్టార్ట్ సొంతంగా బిగించుకోవచ్చా?

హన్మకొండ నుంచి అడుగుతున్నారు, బండి మాన్యువల్ గేర్ అన్నారు. అలారం అయితే బిగించుకోండి. దూరం నుంచే బటన్ నొక్కి ఇంజిన్ ఆన్ చేసే రిమోట్ స్టార్ట్ మాత్రం వద్దంటాను.

మనలో చాలామందికి బండిని గేరులో వేసి ఆపే అలవాటు. క్లచ్ తొక్కకుండా స్టార్టర్ తిరిగితే బండి ముందుకు దూకుతుంది. ఎదురుగా గోడ ఉందా, మనిషి ఉన్నాడా దానికేం తెలుసు? పైగా తాళంచెవిలో చిప్ ఉంటే, అది దగ్గర లేనిదే ఇమ్మొబిలైజర్ అనే దొంగతనం ఆపే ఏర్పాటు ఇంజిన్‌ను నడవనివ్వదు. దాన్ని దాటించడానికి కొందరు రెండో తాళంచెవిని కారులోనే దాచేస్తారు. దొంగకు అలారం పెట్టి, తాళం వాడి చేతికే ఇచ్చినట్టు!

అలారం సంగతికొస్తే, వైరు రంగును నమ్మకండి, మల్టీమీటర్‌తో చూడండి. తాళంచెవి బయటికి తీసేసినా 12 వోల్టులు చూపేది బ్యాటరీ లైన్. తాళంచెవి ఆన్ చేశాక వచ్చి, స్టార్ట్ కొట్టేటప్పుడూ ఉండేది ఇంజిన్ నడవడానికి కావాల్సిన ఇగ్నిషన్ లైన్. స్టార్ట్ కొట్టేటప్పుడు పోయేది రేడియో లాంటివాటికి వెళ్లే యాక్సెసరీ లైన్. పసుపు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, ముట్టుకోవద్దు.

గుర్తించాక బ్యాటరీ నెగెటివ్ విప్పి పని మొదలుపెట్టండి. పవర్ వైరుకు ఫ్యూజ్ తప్పనిసరి. ఎర్త్ వైరును పెయింట్ గీకిన లోహానికే బిగించాలి. వైర్లను మెలిపెట్టి టేపు చుడితే మన మే ఎండలకు జిగురు కరిగి ఊడొస్తుంది. సోల్డర్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి.