థార్‌తో వాగు దాటే ముందు

ఒరేయ్ చిన్నా,

కొత్త మహీంద్రా థార్ జీపు వేసుకుని మారేడుమిల్లి వైపు వెళ్తున్నావట, వాగులు దాటి వీడియోలు తీస్తావట. వెళ్లు, వద్దనను. కానీ బండి దాటగలదని కంపెనీ చెప్పే 650 మిల్లీమీటర్ల నీటి లోతును అక్కడ నమ్ముకోకు. అది నిలకడ నీళ్లకు సరిపోయే లెక్క. పారే నీళ్ల వేగం రెట్టింపైతే బండి మీద తోపు నాలుగు రెట్లవుతుంది. అడుగు లోతు ఉరవడికే చిన్న కార్లు తేలిపోతాయి. రెండడుగులైతే నీ థార్‌నీ లాక్కుపోగలదు. నాలుగు చక్రాలూ తిరిగితే ఏం లాభం, కింద నేల ఆనాలి కదా!

ముందు దిగి, కర్రతో లోతు చూసుకో. నడవడానికే భయం వేసిన చోట బండి దింపకు. నీళ్లు ఎర్రగా మారినా, కొమ్మలు కొట్టుకొస్తున్నా ఆగిపో. చప్టా మీద నుంచి వాగు పొంగుతుంటే అసలే వద్దు, మధ్యలో రోడ్డు కోసుకుపోయినా పైకి తెలీదు. బస్సు వెళ్లిందని దాని వెనకే దూరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దాని బరువెక్కడ, నీ బండి బరువెక్కడ? కొండ మీద వాన ఆగితే చిన్న వాగులు కొన్ని గంటల్లో తీస్తాయి. టీ తాగుతూ కూర్చో.

దాటొచ్చనిపిస్తే సీటుబెల్టు తీసి, అద్దాలు దించి, లో-రేంజ్‌లో, అంటే బండి మెల్లగా ఎక్కువ బలంతో లాగే గేర్లలో, మనిషి నడిచే వేగంతో దిగు. బానెట్ ముందు చిన్న అల లేస్తుంది, దాని వెనక నీటిమట్టం కాస్త తగ్గుతుంది. ఆ అల చెదరకుండా ఒకే వేగంతో పో. మధ్యలో గేరు మార్చకు.

నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మాత్రం మళ్లీ స్టార్ట్ చెయ్యకు. లోపలికి నీళ్లు పోయి ఉండొచ్చు. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. బలవంతం చేస్తే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలిని పైనుంచి తీసుకునే గొట్టం, స్నార్కెల్, బిగిస్తే భయం లేదంటున్నావు. అది ఇంజన్ పీల్చే గాలికే పనికొస్తుంది. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్, వైరింగ్ ఉన్నచోటే ఉంటాయి, బండి తేలిపోవడమూ ఆగదు.

ఒడ్డెక్కాక బ్రేకులు మెల్లగా తొక్కుతూ ఆరనివ్వు. తిరిగొచ్చాక ఇరుసు మీదుండే గేర్ల డబ్బా, అదే డిఫరెన్షియల్, దాని ఆయిల్ మెకానిక్‌కు చూపించు, పాలు కలిపినట్టుంటే నీళ్లు చేరినట్టే. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్షన్ ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకో. మామూలు పాలసీలు ఇలాంటి రిపేరుకు సాధారణంగా డబ్బివ్వవు.

మీ మావయ్య