ఏడు లేయర్లూ వచ్చు, ఇంటర్వ్యూలో మాత్రం నోరు పెగల్లేదు

ప్రశ్న: డిగ్రీ కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. నెట్‌వర్కింగ్‌లో స్థిరపడాలని ఉంది. నెట్‌వర్క్ పనిని పొరలుగా విడదీసి చూపే ఓఎస్ఐ మోడల్‌లోని ఏడు లేయర్లూ గడగడా అప్పజెబుతాను. కానీ ఒక ఇంటర్వ్యూలో ‘బ్రౌజర్‌లో వెబ్‌సైట్ పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుంది?’ అని అడిగితే నోరు పెగల్లేదు. వెంటనే సీసీఎన్ఏ (సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్‌లో చేరమని స్నేహితులు అంటున్నారు. అంతా క్లౌడ్‌లోకి పోతుంటే నెట్‌వర్కింగ్ దేనికని అన్నయ్య అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మిమ్మల్ని అడిగింది ఈ రంగంలో బాగా పాత ప్రశ్న. అయినా ఎవరూ దాన్ని వదలరు, ఎందుకంటే అభ్యర్థికి ఎంత తెలుసో దాంతో ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక ప్యాకెట్ (డేటా ముక్క) ఎలా వెళ్తుందో మొదటి నుంచి చివరి దాకా మీ నోటితో మీరు చెప్పగలగాలి.

ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌లో చేరగానే డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ద్వారా దానికి ముఖ్యంగా నాలుగు వివరాలు అందుతాయి: ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో నెట్‌వర్క్ భాగం ఎంతో చెప్పేది), డీఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్), డీఎన్ఎస్ సర్వర్ (పేరుకు ఐపీ అడ్రస్ చెప్పేది). మీరు వెబ్‌సైట్ పేరు కొట్టాక దాని ఐపీ అడ్రస్ కావాలి. కేష్‌లో లేకపోతే డీఎన్ఎస్ సర్వర్‌ను అడగాలి. ఆ సర్వర్ బయటి నెట్‌వర్క్‌లో ఉంటే దాన్ని చేరడానికి ముందు గేట్‌వే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు అడ్రస్) తెలియాలి, దాన్ని ఏఆర్‌పీ అనే ప్రోటోకాల్ కనుక్కుంటుంది. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా టీసీపీకి (సర్వర్‌తో కనెక్షన్ కలిపే ప్రోటోకాల్‌కి) వెళ్లిపోతారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు పట్టుకునేది ఇక్కడే. ఆ తర్వాత సర్వర్ 443 పోర్టుతో టీసీపీ మూడు దశల హ్యాండ్‌షేక్, టీఎల్ఎస్‌తో ఎన్‌క్రిప్షన్, చివరికి పేజీ కోసం రిక్వెస్ట్. (హెచ్‌టీటీపీ 3 అయితే టీసీపీకి బదులు యూడీపీ మీద నడుస్తుంది. ఈ ముక్క కూడా కలిపితే మార్కులు పడతాయి.)

దారిలో ప్రతి రౌటర్ దగ్గరా మ్యాక్ అడ్రస్‌లు మారుతూ పోతాయి, ఐపీ అడ్రస్‌లు మాత్రం నాట్ (అడ్రస్ మార్పిడి) జరిగితే తప్ప మారవు. ఎందుకో మీ మాటల్లో చెప్పగలిగితే లేయర్ 2కీ (మ్యాక్) లేయర్ 3కీ (ఐపీ) తేడా మీకు తెలిసినట్టే. ఇంకో సంగతి. ఓఎస్ఐ మోడల్ ప్రమాణంగా వెలువడింది 1984లో. అంతకు ముందే, 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కు తొలి రూపమైన ఆర్పానెట్ టీసీపీ/ఐపీకి మారిపోయింది. ఇంటర్నెట్ నడిచేది ఆ టీసీపీ/ఐపీ మీదే. మరి ఓఎస్ఐ ఎందుకంటే, ‘ఇది లేయర్ 2 ప్రాబ్లమ్’ అనగానే ఎదుటి ఇంజనీరుకు ఎక్కడ వెతకాలో అర్థమవుతుంది. పేర్లు బట్టీ పట్టినందుకు దొరికే లాభం అంతవరకే.

సబ్‌నెట్టింగ్ (అడ్రస్‌లను చిన్న బ్లాకులుగా విడదీయడం) దగ్గర మాత్రం కాస్త ఆగండి. పెద్ద లెక్కలు అక్కర్లేదు. 192.168.10.50, 192.168.10.70 అనే రెండు కంప్యూటర్లు ఒకే స్విచ్‌కు ఉన్నాయి, మాస్క్ /26 (32 బిట్లలో మొదటి 26 నెట్‌వర్క్‌వి) అనుకోండి. ఒక్కో బ్లాక్‌లో 64 అడ్రస్‌లు, వాటిలో మొదటిదీ చివరిదీ పోగా కంప్యూటర్లకు ఇవ్వగలిగేవి 62. మొదటిది 0 నుంచి 63 బ్లాక్‌లో ఉంది, రెండోది 64 నుంచి 127 బ్లాక్‌లో. పక్కపక్కనే ఉన్నా మధ్యలో రౌటర్ లేకుండా వాటి మధ్య ఐపీ ట్రాఫిక్ నడవదు. ఇలాంటివి రోజూ నాలుగైదు కాగితం మీద వేసుకోండి. చేయి తిరిగాక కాలిక్యులేటర్ వాడుకోవచ్చు.

సాధన ఉచితంగానే చేయొచ్చు. వైర్‌షార్క్ (ప్యాకెట్లను పట్టి చూపే టూల్) పెట్టుకుని, మీ సొంత నెట్‌వర్క్‌లో మాత్రమే, ఒక పేజీ తెరిచి ఏఆర్‌పీ, డీఎన్ఎస్, టీసీపీ ప్యాకెట్లు ఏ వరసలో వస్తున్నాయో చూడండి. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ అనే సిమ్యులేటర్‌లో చిన్న నెట్‌వర్క్ కట్టి, పనిచేయగానే దాన్ని మీరే చెడగొట్టండి: గేట్‌వే తప్పుగా ఇవ్వండి, డీహెచ్‌సీపీ ఆపేయండి. విండోస్ మెషీన్‌కు 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదన్నమాట. బయటి ఐపీకి పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తుందో చూసే కమాండ్) వెళ్తోంది, పేరుతో మాత్రం సైటు తెరుచుకోవడం లేదంటే ముందు డీఎన్ఎస్‌ను అనుమానించండి. అయితే పింగ్‌కు జవాబు రానంత మాత్రాన సర్వర్ పడిపోయిందని తేల్చేయకండి, ఫైర్‌వాల్ ఆపేసి ఉండొచ్చు.

బిట్, బైట్ తికమక కూడా పోగొట్టుకోండి. 100 ఎంబీపీఎస్ లింకులో సెకనుకు వచ్చేది గరిష్ఠంగా 12.5 మెగాబైట్లే. బ్యాండ్‌విడ్త్ పెంచితే లేటెన్సీ (డేటా చేరడానికి పట్టే ఆలస్యం) తగ్గుతుందనుకోవడం ఇంకో పొరపాటు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే 1000 కిలోమీటర్ల దూరానికి పోను 5, రాను 5 మిల్లీసెకన్లు తప్పవు.

ఇదంతా చేతికి వచ్చాక సీసీఎన్ఏ రాయండి. మంచి పరీక్షే, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. డంప్స్ (బట్టీ పట్టడానికి తిరిగే పరీక్ష ప్రశ్నలు, జవాబులు) జోలికి మాత్రం పోవద్దు. అలా పాసైనవాళ్లు మీరు ఇరుక్కున్న ప్రశ్న దగ్గరే ఇరుక్కుంటారు.

ఇక మీ అన్నయ్య మాట. అందులో సగం నిజముంది. స్విచ్‌ల ముందు కూర్చుని ఒక్కొక్కదాన్నీ చేత్తో కాన్ఫిగర్ చేసే పని తగ్గుతోంది, కాబట్టి పైథాన్ నేర్చుకోక తప్పదు. కానీ క్లౌడ్‌లో వీపీసీ (మనకంటూ విడిగా ఉండే నెట్‌వర్క్) కట్టేటప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఏ అడ్రస్ బ్లాక్ ఇవ్వాలన్నదే. రెండు వీపీసీలకూ 10.0.0.0/16 ఇచ్చేసి, తర్వాత వాటిని పీరింగ్‌తో (నేరుగా లింకు వేసి) కలపాలంటే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఒప్పుకోదు. పైగా అక్కడ ప్రతి సబ్‌నెట్‌లోనూ ఐదు అడ్రస్‌లు వాళ్లే ఉంచుకుంటారు, కాబట్టి మన /26లో మిగిలేవి 59. సబ్‌నెట్టింగ్ రానివాడికి క్లౌడ్‌లోనూ చిక్కే.

మొదటి ఉద్యోగం ఎక్కువగా నాక్‌లోనో (నెట్‌వర్క్‌ను కనిపెట్టి ఉండే కేంద్రం) సపోర్ట్‌లోనో దొరుకుతుంది. నైట్ షిఫ్టులు ఉంటాయి, ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. రెజ్యూమేలో ‘నెట్‌వర్కింగ్ పరిజ్ఞానం ఉంది’ అనే వాక్యం తీసేయండి. మీరు కట్టిన ల్యాబ్‌లో ఎన్ని వీలాన్‌లున్నాయి (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు), దాంట్లో ఏది చెడింది, దాన్ని ఏ వరసలో వెతికి పట్టుకున్నారు అన్నది రెండు మూడు లైన్లలో రాయండి.