చిటికెన వేలు తిమ్మిరెక్కుతోంది.. నాన్నేమో సాధన ఆపొద్దంటున్నారు

ప్రశ్న: నా వయసు 18. చిన్నప్పటి నుంచీ వయొలిన్ నేర్చుకుంటున్నాను. నాన్న పక్కనే కూర్చుని రోజుకు ఆరేడు గంటలు సాధన చేయిస్తారు. మూడు నెలలుగా ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. చెబితే సాకులంటారు. కచేరీలో ఆయన ముందు వరసలో కనిపిస్తే కమాను వణుకుతోంది. వణుకు తగ్గించే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకోమని స్నేహితురాలు అంటోంది. సంగీతం వదిలేయాలని లేదు. కానీ నా సాధన నేనే చూసుకోవాలని, విడిగా ఉండి చదువుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చేయి సంగతి. ఇది సాకు కాదు. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో దాని వైపు సగానికీ స్పర్శ అందేది అల్నార్ నరం ద్వారా. మోచేయి లోపలి పక్కన పొడుచుకు వచ్చిన ఎముక వెనకాల ఇరుకైన దారిలోంచి అది కిందికి దిగుతుంది. మోచేయి మడిస్తే ఆ దారి ఇంకా ఇరుకై నరం సాగుతుంది. వయొలిన్ ఏ పద్ధతిలో పట్టుకున్నా ఎడమ మోచేయి మడిచే ఉండాలి. పగలంతా అలా ఉంచి, రాత్రి కూడా చేయి మడిచి తల కింద పెట్టుకుంటే నరానికి తెరిపి ఎక్కడిది? మెడ దగ్గర నరం నొక్కుకుపోయినా ఇలాంటి లక్షణాలే రావచ్చు. అందుకే న్యూరాలజిస్టుకో, చేతి సమస్యలు చూసే ఆర్థోపెడిక్ డాక్టరుకో చూపించుకోండి. అవసరమైతే నరంలో సంకేతం ఎంత బాగా వెళ్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయిస్తారు.

ఈలోగా ఇంట్లో ఒకటి చేసి చూడండి. రెండు చేతుల్లోనూ బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య ఒక కాగితం బిగించి పట్టుకోండి. ఎవరినైనా లాగమనండి. కాగితం జారకుండా ఆపేటప్పుడు ఎడమ బొటనవేలి కొస కణుపు దగ్గర వంగిపోతుంటే కండరం బలహీనపడుతోందని అనుమానించాలి. అలా ఉన్నా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండ పల్చబడినట్టు కనిపించినా, తిమ్మిరి రోజంతా వదలకపోయినా ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. కండ ఒకసారి కరిగితే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

రాత్రి పడుకునే ముందు మోచేయి చుట్టూ పెద్ద తువ్వాలు వదులుగా చుట్టి టేపు వేసుకోండి. చేయి పూర్తిగా మడవకుండా ఉంటే చాలు, బిగించకూడదు. మోచేతులు బల్లకు ఆనించి ఫోన్ చూసే అలవాటుంటే మానండి. నొప్పి మాత్ర వేసుకుని సాధనకు కూర్చోవడం అన్నిటికంటే చెడ్డ పని. నొప్పి తెలియదు, ఒత్తిడి మాత్రం పడుతూనే ఉంటుంది.

డాక్టర్ చూసి వాయించవచ్చంటే 20 నిమిషాలు వాయించి 10 నిమిషాలు చేయి చాపి ఉంచండి. మొదట్లో ఇలా రోజుకు మూడు విడతలు చాలు. మర్నాడు ఉదయం తిమ్మిరి లేకపోతే, మూడు రోజులకోసారి ఒక్కో విడతకు 5 నిమిషాలు కలపండి. తిమ్మిరి వస్తే వెనకటి మెట్టుకు దిగండి. రెండు రోజులు బాగుందని ఒక్కసారిగా మూడు గంటలు లాగించేస్తేనే చాలామందికి మళ్లీ మొదటికొస్తుంది. మిగతా వేళల్లో పాడుకుంటూ నేర్చుకోవచ్చు, స్వరాలు రాసుకోవచ్చు, రికార్డింగులు వినొచ్చు. అదీ సాధనే.

మీ నాన్నగారు ‘గంటలు తగ్గితే వెనకబడతావు’ అంటారనుకుంటాను. 1993లో మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులపై అధ్యయనం ప్రచురించింది. వాళ్లలో మేటి విద్యార్థులు ఒంటరిగా చేసిన సాధన రోజుకు సగటున మూడున్నర గంటలు. మధ్యమధ్య విరామాలు తీసుకునేవారు, నిద్ర కూడా మిగతా వారికంటే ఎక్కువే. ఆయనకు ఈ అంకె చూపించండి. పెద్దలతో వాదనకు మన బాధ కంటే అంకెలే బాగా పనికొస్తాయి.

ప్రొప్రనలాల్ గుండె దడను, చేతి వణుకును తగ్గిస్తుంది. ముందు వరసలో ఎవరు కూర్చున్నారన్న భయాన్ని తగ్గించదు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదకరం, నాడి నెమ్మదిగా ఉన్నా రక్తపోటు తక్కువగా ఉన్నా పనికిరాదు. స్నేహితురాలి డబ్బాలోంచి తీసుకోవద్దు. డాక్టర్ రాసిచ్చినా మొదటి మాత్ర కచేరీ లేని రోజున వేసుకుని చూడాలి. ఈ ఒక్క కచేరీకి నాన్నగారిని వెనక వరసలో కూర్చోమని అడగడం మాత్ర కంటే తేలిక.

ఇక ఇంట్లో మాట. సాధన మధ్యలో, కచేరీ రోజున ఈ విషయం ఎత్తొద్దు. ఇన్నేళ్ల కోపమంతా ఒకేసారి బయటపెడితే ఆయన కోపానికే జవాబు చెబుతారు, అసలు విషయం పక్కకు పోతుంది. ఒక్కటే అడగండి: ‘ఆరు వారాలు నా సాధన వేళలు నేను రాసుకుంటాను, మీరు ఆదివారం చూడండి’. కాగితం మీద వేళలు, తిమ్మిరి వచ్చిన నిమిషం, ఏం వాయించారో రాసి ఉంచండి. ఆయన పక్కన కూర్చోకపోయినా పని జరుగుతోందని దానిలో కనిపిస్తుంది. మీ గురువుగారు మీవైపు ఉంటే ఆ మాట ఆయన నోటే చెప్పించండి. డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి, కానీ పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడతానని ముందే అడగండి. మీ వయసుకు ఆ హక్కుంది.

విడిగా ఉండే విషయం తొందరపడొద్దు, వదలనూ వద్దు. ముందు కొన్ని చూసుకోండి: వయొలిన్ ఎవరి పేరున ఉంది, కచేరీ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, నిర్వాహకులు ఎవరికి ఫోన్ చేస్తున్నారు. ఖాతా, ఫోన్ మీ పేరున మార్చుకోవడం ఇంట్లో ఉంటూనే చేయొచ్చు. ఆరు వారాల తర్వాత కూడా ఆయన వేళలు వదలకపోతే అప్పుడు కౌన్సెలర్ సమక్షంలో ముగ్గురూ కూర్చోండి. నిద్ర పట్టకపోవడం, వయొలిన్ పెట్టె చూస్తేనే ఏడుపు రావడం, బతకాలనిపించకపోవడం వంటివి ఉంటే మాత్రం ఆరు వారాలు ఆగకండి. ఇవాళే నమ్మకమైన మనిషికి చెప్పి సైకియాట్రిస్టును కలవండి.