మాత్ర మొదలుపెట్టే ముందు

చి.ల.సౌ. సుజాతకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

గర్భం నిలవడానికి నీకు అండం పెంచే క్లోమిఫిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి చొప్పున ఐదు రోజులు వేసుకోమన్నారని మీ అమ్మ చెప్పింది. కర్నూలులో ప్రసూతి వార్డు నర్సుగా ముప్ఫై ఏళ్లు గడిపినదానిని కనుక మొదట అడిగేది ఒకటే: అల్లుడి వీర్యపరీక్ష అయిందా? అది కానిదే నువ్వు మందు ముట్టవద్దు. లోపం ఆడదానిదేనని తేల్చుకున్న ఇళ్లలో నెలల తరబడి మాత్రలు వృథా కావడం చూశాను.

ఈ మాత్ర ఈస్ట్రోజన్ సంకేతం మెదడుకు అందకుండా అడ్డుపడుతుంది. ఆ హార్మోన్ తగ్గిందని భ్రమపడిన మెదడు, అండాన్ని పెంచే హార్మోన్లను ఎక్కువగా విడుదల చేయిస్తుంది. అందుకే ఒంట్లో ఆవిర్లు వస్తాయి. మన ఏప్రిల్ ఎండలో అది మందు వేడో, ఊరి వేడో చెప్పడం కష్టం! తలనొప్పి, రొమ్ముల సలుపు, కడుపుబ్బరం, ఊరికే ఏడుపు రావడం కూడా ఉండవచ్చు. వీటిని ఓర్చుకోవచ్చు కానీ, ఇంట్లో ముందే చెప్పి ఉంచు, నీ చిరాకు మందు వల్లనని వాళ్లకు తెలియాలి.

కంటి సంగతి మాత్రం ఓర్చుకోకూడదు. ఒక అమ్మాయికి ట్యూబ్‌లైటు మీద నుంచి చూపు తిప్పినా ఆ తెల్లటి గీత గోడమీద నిలిచి కనబడేది. నీరసమనుకొని నాలుగు రోజులు దాచింది, మాత్ర ఆపాక సర్దుకుంది. చూపు మసకబారినా, మెరుపులు కనబడినా ఆ రోజే మాత్ర ఆపి డాక్టరమ్మకు చెప్పు, స్కూటీ తీయవద్దు.

ఈ మందుతో నిలిచిన గర్భాల్లో నూటికి 5 నుంచి 10 వరకు కవలలు ఉంటారు. అందుకే స్కాన్ మానకూడదు. అండాలు మరీ ఎక్కువ పెరిగితే ఆ నెల ప్రయత్నం వద్దంటారు. సాధారణంగా ఆరు నెలసరులకు మించి ఇవ్వరు కాబట్టి, పొరుగావిడ దగ్గర మిగిలిన అట్ట తెచ్చుకొని పొడిగించవద్దు.

పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉందని లెట్రోజోల్ అనే మరో మాత్రకు మారిస్తే, అది రొమ్ము క్యాన్సర్ మందని ఎవరో ఒకరు భయపెడతారు. మొదట దానికే వాడిన మాట నిజమే. సంతానలేమికి దాన్ని వాడకూడదని మన దేశంలో 2011లో నిషేధించారు కూడా, అయితే 2017లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఇప్పుడు పీసీఓఎస్ ఉన్నవారికి ముందుగా ఇచ్చేది అదే.

అండాలు పెంచే ఇంజెక్షన్ల దాకా వెళితే జాగ్రత్త మరింత అవసరం. కడుపు బిగిసి, వాంతులై, మూత్రం తగ్గి, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగి ఆయాసం వస్తే, తెల్లవారే వరకు ఆగక ఆసుపత్రికి వెళ్లాలి. అండం విడుదలకు హెచ్‌సీజీ (గర్భపరీక్ష పట్టుకునే హార్మోన్ ఇదే) సూది వేస్తే, కొన్ని రోజులపాటు ఇంట్లో చేసుకునే పరీక్షలో గర్భం లేకపోయినా రెండో గీత పడుతుంది. రెండు వారాలు ఆగాకే చూసుకో.

మాత్ర వేసుకున్న తేదీలు అట్ట వెనక పెన్నుతో రాసుకో. ఆదోని నుంచి స్కాన్‌కు వచ్చే రోజు ముందుగా ఫోన్ చేసి, పాత చీటీలన్నీ సంచీలో పెట్టుకొని బయలుదేరు, నేను బస్టాండుకు వస్తాను.

మీ పెద్దమ్మ