మాత్ర మొదలుపెట్టే ముందు కారణం తేల్చుకో

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన థైరాయిడ్ రిపోర్టు చూశాను. థైరాయిడ్‌ని పనిచేయించే టీఎస్‌హెచ్ 0.01, అంటే బాగా తక్కువ. థైరాయిడ్ తయారుచేసే హార్మోను ఫ్రీ టీ4 ఎక్కువ. టీఎస్‌హెచ్ తక్కువే కదా, మంచిదేనని మీ అత్తగారు అన్నారట. చాలామంది అలాగే అనుకుంటారు. రక్తంలో థైరాయిడ్ హార్మోను చాలకపోతే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ని పెంచుతుంది, మరీ ఎక్కువైతే పంపడం దాదాపు మానేస్తుంది. కాబట్టి నీకున్నది హైపర్, అంటే థైరాయిడ్ హార్మోను ఎక్కువవడం. మీ పక్కింటావిడ పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఇస్తానంటే తీసుకోకు. నీ ఒంట్లో ఇప్పటికే ఎక్కువైంది అదే.

బాలింత చిక్కిపోవడం మామూలేనని అందరూ అంటున్నారు. విశాఖ ఉక్కకి ఎవరికైనా చెమట పడుతుంది, నిజమే. కానీ బాగా తింటూ కూడా బరువు తగ్గడం, పాప నిద్రపోయినా నీకు నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, ఊరికే గుండె దడదడలాడటం, ఇవన్నీ బాలింత నీరసం కిందకి రావు. పొద్దున్న లేవగానే మంచం మీదే నాడి చూసుకుని రాసిపెట్టు. కదలకుండా పడుకున్నా నిమిషానికి నూరు దాటుతుంటే డాక్టరుకి తప్పక చెప్పాలి.

ఇక అసలు సంగతి. హైపర్ అన్నంత మాత్రాన ఏ జబ్బో తేలినట్టు కాదు. కాన్పయిన మొదటి ఆరు నెలల్లో ముఖ్యంగా రెండు అనుమానాలుంటాయి. ఒకటి గ్రేవ్స్ జబ్బు: మన రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ని రెచ్చగొట్టి అదేపనిగా హార్మోను తయారు చేయిస్తుంది. రెండోది కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు: ఇందులో కొత్తగా తయారయ్యేదేమీ ఉండదు, గ్రంథి దెబ్బతిని నిల్వ ఉన్న హార్మోను బయటికి కారుతుంది. కార్బిమజోల్ మాత్ర తయారీని ఆపుతుంది, కారిపోయేదాన్ని ఆపలేదు. అందుకే రెండో జబ్బుకి ఆ మాత్ర దండగ, దుష్ఫలితాలు మాత్రం మిగులుతాయి. రిపోర్టు చూడగానే మాత్ర రాసిచ్చేస్తే, "ఏ కారణం వల్ల వచ్చిందండీ?" అని అడుగు. అడగడానికి మొహమాటపడకు.

తేల్చడానికి ట్రాబ్ అనే యాంటీబాడీ రక్తపరీక్ష ఉంది. గ్రేవ్స్ అయితే అది సాధారణంగా పాజిటివ్ వస్తుంది. స్కాన్ అవసరమంటే, పాలిస్తున్నానని ముందే చెప్పు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థంతో చేసే స్కాన్ తర్వాత కొన్ని గంటలు పాలు పిండి పారబోయమంటారు.

ఒక మాట మరిచిపోయేదాన్ని. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నావు కదూ? అవి కొన్ని ల్యాబ్ పరీక్షలని తప్పుదారి పట్టిస్తాయి. టీఎస్‌హెచ్ తక్కువగానూ టీ4 ఎక్కువగానూ చూపిస్తాయి, ట్రాబ్ కూడా పాజిటివ్ అనిపించవచ్చు. నీ దడ చూస్తే జబ్బు నిజమేననిపిస్తోంది, అయినా అవి ఆపి, కనీసం మూడు రోజులు ఆగి మళ్లీ రక్తం ఇవ్వు. బయోటిన్ సంగతి డాక్టరుకీ ల్యాబ్‌లోనూ చెప్పు.

వాపు అని తేలితే దడకి ప్రొప్రనొలాల్ లాంటిది ఇస్తారు. చిన్నప్పుడు నీకు ఉబ్బసం ఉండేది, అది చెప్పకుండా ఉండకు, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ మాత్ర పడదు. కొన్ని నెలల తర్వాత ఇదే గ్రంథి నీరసించి టీఎస్‌హెచ్ పెరగవచ్చు. అందుకే ఒంట్లో బాగుందనిపించినా నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి పరీక్ష మానకు.

గ్రేవ్స్ అయితే సుమారు 12 నుంచి 18 నెలల మందు. డాక్టరు చెప్పిన డోసులో పాలిస్తూనే వేసుకోవచ్చు, పాపకి పాలు మాన్పించమని ఎవరు చెప్పినా వినకు. కానీ కార్బిమజోల్ వేసుకుంటున్నప్పుడు జ్వరమో గొంతునొప్పో నోటిపూతో వస్తే డోలోతో సరిపెట్టకు. ఆ మాత్ర ఆపి, అదే రోజు తెల్లకణాల లెక్క తెలిసే సీబీసీ చేయించు. అరుదే గానీ ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కళ్లు పచ్చబడినా అంతే. మళ్లీ బిడ్డ కావాలనుకుంటే ముందుగానే చెప్పు, గర్భం తొలి నెలల్లో ఆ మందు మారుస్తారు. రేడియో అయోడిన్ వైద్యం మాత్రం పాలిచ్చే తల్లికి కుదరదు.

కొందరికి గ్రేవ్స్‌లో కళ్లు ఉబ్బుతాయి, పొగ దాన్ని మరింత పెంచుతుంది. మీ ఆయన్ని ఇంట్లో సిగరెట్ కాల్చొద్దను. తిండి గురించి ఎక్కువ ఆలోచించకు. వంజరం చేప మానక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అమ్మే సముద్రపు నాచు పొడులు మాత్రం వద్దు, వాటిలో అయోడిన్ ఎంతుంటుందో చెప్పలేం.

కేజీహెచ్‌లో, అదే మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది, ఓపీకి వెళ్దాం. రిపోర్టులు, నాడి రాసిన కాగితం, వేసుకుంటున్న మాత్రలన్నీ సంచిలో పెట్టుకో. ఈలోగా గుండె లయ తప్పినట్టు కొట్టుకున్నా, ఆయాసం వచ్చినా, జ్వరంతో మాట తడబడినా ఓపీ రోజు కోసం చూడకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లి, దారిలోనే నాకు ఫోన్ చెయ్యి. పాపని నేను చూసుకుంటాను.

నీ పెద్దమ్మ